డేటాబేస్ ఇచ్చాక మొదలయ్యే పని

నాలుగేళ్లపాటు నా ఉద్యోగం టికెట్లు క్లోజ్ చేయడం, అంటే డెవలపర్లు రాసి పంపే అభ్యర్థనలు ఒక్కొక్కటిగా పూర్తి చేయడం. ఒక టీమ్‌కి కొత్త డేటాబేస్ కావాలంటే టికెట్. ఒక సర్వీస్ ఇంకో సర్వీస్‌తో మాట్లాడటానికి ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలంటే టికెట్. ఎవరైనా టీమ్ మారితే పాత యాక్సెస్ తీయడానికొకటి, కొత్తది ఇవ్వడానికొకటి. ఒక్కోదానికి నిజంగా పట్టేది పది, పదిహేను నిమిషాలు. కానీ అది క్యూలో వారం పైనే నానేది. ఆ వారంలో అవతల డెవలపర్ ఆ పని పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టేవాడు. డేటాబేస్ చేతికి వచ్చేసరికి మొదటి పనిలో ఎక్కడ ఆగాడో మర్చిపోయేవాడు. కొందరైతే ఓపిక పట్టలేక, తమకు యాక్సెస్ ఉన్న వేరే టీమ్ డేటాబేస్‌లోనే ఒక కొత్త స్కీమా (తమ పట్టికలకు వేరే విభాగం) పెట్టేసుకునేవారు. అలా పడిన చిక్కుముళ్లు విప్పడానికి తర్వాత మాకు నెలలు పట్టింది.

అందుకే మా టీమ్‌లో ముగ్గురం కూర్చుని ఒక పోర్టల్ కట్టాం. పేరు రాసి, సైజు ఎంచుకుని బటన్ నొక్కితే చాలు. నాలుగు నిమిషాల్లో పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే డేటాబేస్, దానికో యూజర్, పాస్‌వర్డ్ దాచిన చోటు, అన్నీ సిద్ధం. మొదటి రోజు ఒక డెవలపర్ మా దగ్గరికి వచ్చి, "నిజంగా అయిపోయిందా? ఇంకెవరైనా అప్రూవ్ చేయాలా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె ముఖంలో ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ పని మీద నాకు ప్రేమ మొదలైంది ఆ రోజే.

ఏడాదిన్నర గడిచింది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఒక్కో పెద్ద వెర్షన్‌కి ఐదేళ్లపాటే మరమ్మతులు ఇస్తారు. 9.6 వెర్షన్‌కి ఆ గడువు 2021 నవంబర్‌లో తీరిపోతోంది. మా పోర్టల్ పుట్టించిన డేటాబేసులన్నీ 9.6వే. పోర్టల్ రాసిన రోజు టెంప్లేట్‌లో ఆ నంబర్ పెట్టాం, ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అన్నిటినీ అప్‌గ్రేడ్ చేయాలి. లెక్కపెడితే రెండు వందలకు పైగా ఉన్నాయి. సరే, ఎవరివి వాళ్లకు మెయిల్ పెడదామనుకున్నాం. ఫారంలో "ఓనర్" అనే గడి ఉంది, కానీ అది నింపకపోయినా బటన్ పనిచేసేది. సగం ఖాళీ. నింపిన వాటిలో చాలా పేర్లు అప్పటికే కంపెనీ వదిలి వెళ్లిపోయిన వాళ్లవి. ఒక డేటాబేస్ ఎవరిదీ కాదని తేల్చుకుని ఆపేశాం. రెండు రోజులకు నెలాఖరు రిపోర్ట్ రాలేదని ఫోన్ వచ్చింది. నెలకు ఒక్కసారి మాత్రమే దాన్ని తట్టే స్క్రిప్ట్ ఒకటుందట.

ఆ మూడు నెలలు మేం పడ్డ టెన్షన్ పాత టికెట్ల రోజుల్లో కూడా పడలేదు. అప్పుడు నాకు అర్థమైన విషయం ఒక్కటే, ఈ వ్యాసమంతా దాని గురించే. సెల్ఫ్ సర్వీస్ అంటే ఇవ్వడాన్ని ఆటోమేట్ చేయడమని మేం అనుకున్నాం. ఇవ్వడం మొదటి నాలుగు నిమిషాల పని. ఆ వస్తువు ఆ తర్వాత నాలుగైదేళ్లు బతుకుతుంది. దానికి ప్యాచ్‌లు పడాలి, బ్యాకప్‌లు తీయాలి, పాస్‌వర్డ్‌లు మారాలి, డిస్క్ నిండితే పెరగాలి, అవసరం తీరాక పోవాలి. ఆ నాలుగైదేళ్ల బాధ్యత ఎవరిదో తేల్చకుండా బటన్ ఇచ్చామంటే డెవలపర్ పని తగ్గించినట్టు కాదు. ఆమెకు తెలియకుండా ఆమె పేరు మీద అప్పు రాసినట్టు.

డెవలపర్ల కోసం ఇన్‌ఫ్రా (సర్వర్లు, డేటాబేసుల లాంటి మౌలిక ఏర్పాట్ల) టూల్స్ కట్టేవాళ్లలో ఎక్కువమంది రెండు దారుల్లో ఒకటి పట్టడం చూశాను. మేం పట్టింది మొదటిది: బటన్ ఇచ్చి, తర్వాతి సంగతి మర్చిపోవడం. రెండోది దానికి సరిగ్గా ఎదురు: టెర్రాఫామ్ ఫైళ్లు (సర్వర్లు, డేటాబేసులు ఎలా ఉండాలో రాసేవి), క్యూబర్నెటీస్ యామల్ (సర్వీసులు ఎలా నడవాలో రాసే ఫైళ్లు) అంతా డెవలపర్ చేతిలో పెట్టి "ఇక మీ స్వేచ్ఛ మీది" అనడం. దీనికి మద్దతుగా ఒక మాట తరచూ వినిపిస్తుంది. 2006లో ఏసీఎం క్యూ పత్రిక ఇంటర్వ్యూలో అమెజాన్ సీటీవో వెర్నర్ వోగెల్స్ అన్న మాట: కట్టింది మీరైతే నడిపేదీ మీరే. మంచి మాట. తను రాసిన కోడ్ అర్ధరాత్రి తనను నిద్రలేపుతుందని తెలిసిన డెవలపర్ వేరేగా రాస్తాడు, అది నేను కళ్లారా చూశాను. కానీ ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారో చూడాలి. అదే ఏడాది మార్చిలో అమెజాన్ తన స్టోరేజ్ సేవ ఎస్3ని, ఆగస్టులో అద్దె సర్వర్ల సేవ ఈసీ2ని బయటివాళ్లకు తెరిచింది. స్టోరేజ్‌నీ సర్వర్లనీ ఒక ఏపీఐ కాల్‌తో (ప్రోగ్రామ్ నుంచి పంపే అభ్యర్థనతో) ఎవరికైనా అమ్మగలిగే స్థితికి చేరిన కంపెనీలోంచి వచ్చిన మాట అది. చాలాచోట్ల ఆ మాటను తెచ్చుకున్నారు, దాని కింద ఉండాల్సిన పునాదిని తెచ్చుకోలేదు. డెవలపర్లకు మిగిలింది "నడిపేదీ మీరే" అన్న సగం.

ఆ సగం ఎలా ఉంటుందో ఒక సంఘటన చెబుతాను. ఒక టీమ్‌కి టెర్రాఫామ్ మీద పూర్తి హక్కులిచ్చాం. కొన్నాళ్లకు సెక్యూరిటీ ఆడిట్‌లో వాళ్ల డేటాబేస్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి లేదని తేలింది. వాళ్లలో ఒక శ్రద్ధగల కుర్రాడు ఫైల్ తెరిచి, ఎన్‌క్రిప్షన్ అనే చోట "ఫాల్స్"ని "ట్రూ" చేసి రివ్యూకి పంపాడు. ఒక్క పదం మార్పు. అమెజాన్ వారి డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో అప్పటికే నడుస్తున్న డేటాబేస్‌కి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయడం కుదరదు. అందుకని టెర్రాఫామ్ ఆ మార్పును "పాతది తీసేసి కొత్తది పెట్టాలి" అని అర్థం చేసుకుంటుంది. మార్పుకు ముందు అది చూపించే ప్లాన్‌లో ఆ సంగతి రాసే ఉంది, మూడు వందల లైన్ల మధ్య ఒక లైన్‌లో. వాళ్ల టీమ్‌లో ఇద్దరు చూసి ఓకే అన్నారు. అనుకోకుండా నా కంట పడింది కాబట్టి ఆగింది. సరైన దారి వేరే ఉంది: స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) తీసి, ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ చేసి, దాంట్లోంచి కొత్త డేటాబేస్ లేపి, ట్రాఫిక్ మార్చాలి. ఆ కుర్రాడి తప్పేముంది? అతను చేయాలనుకున్నది మంచి పని. పదేళ్లుగా డేటాబేసులతో కుస్తీ పట్టినవాళ్లకు మాత్రమే తెలిసే ఒక విషయం అతనికి తెలియదు, అంతే. అది తెలియాల్సింది టూల్‌కి.

క్యూబర్నెటీస్‌లోనూ ఇదే కథ. లైవ్‌నెస్ ప్రోబ్ అని ఒకటుంటుంది. మన ప్రాసెస్ బతికుందా లేదా అని అది అడుగుతూ ఉంటుంది, జవాబు రాకపోతే కంటైనర్‌ని (ఆ ప్రాసెస్ నడిచే పెట్టెని) రీస్టార్ట్ చేస్తుంది. ఒక డెవలపర్ ఆ జవాబులో డేటాబేస్ కనెక్షన్ కూడా పరీక్షించాడు. జాగ్రత్త కోసమే. ఒకరోజు డేటాబేస్ కాస్త నెమ్మదించింది. అన్ని కంటైనర్లూ ఒకేసారి "నేను బతికి లేను" అన్నాయి, అన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయ్యాయి, అన్నీ ఒకేసారి డేటాబేస్‌కి కొత్త కనెక్షన్లు అడిగాయి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా ఒప్పుకునే కనెక్షన్లు 100. నెమ్మదించిన డేటాబేస్ పూర్తిగా కూలబడింది. ఆ యామల్‌ని తర్వాత వెతికితే ఇంకో పదకొండు సర్వీసుల్లో కనిపించింది, కాపీ చేసుకున్నారు. సరైన నమూనా మేం ఇవ్వనప్పుడు, పక్కవాడి ఫైలే నమూనా అవుతుంది.

పోర్టల్‌ని మళ్లీ కట్టాలనుకున్నప్పుడు మొదట చేసిన పని కోడ్ రాయడం కాదు. రెండు వారాలపాటు డెవలపర్ల పక్కన కూర్చున్నాం. పాత ఫారంలో మొత్తం 23 గడులు. మొదట్లో పేరు, సైజు మాత్రమే ఉండేవి, నెలనెలా ఒక్కో గొడవ తర్వాత ఒక్కో గడి చేరింది. ఒక డెవలపర్ నా ఎదురుగా దాన్ని నింపుతూ "సబ్‌నెట్ గ్రూప్" దగ్గర ఆగింది. నా వైపు చూడలేదు. ఇంకో ట్యాబ్‌లో తన పాత రిక్వెస్ట్ తెరిచి అందులో ఉన్నది అతికించింది. "ఐఆప్స్" దగ్గర అదే పని. "పేరామీటర్ గ్రూప్" దగ్గర అదే. 23 ప్రశ్నల్లో ఆమెకు నిజంగా జవాబు తెలిసినవి నాలుగు: దీని పేరేంటి, ఏ టీమ్‌ది, ఇది ఒక గంట ఆగితే ఎంత నష్టం, ఇందులో కస్టమర్ల వ్యక్తిగత సమాచారం ఉంటుందా. మిగతా 19 ప్రశ్నలకు జవాబులు తెలిసినవాళ్లం మేమే. మాకే తెలిసిన విషయాన్ని ఆమెను ఎందుకు అడుగుతున్నాం? మేం తీసుకోవాల్సిన నిర్ణయం తీసుకునే ధైర్యం చేయక, ఒక గడి గీసి ఆమె వైపు తోశాం.

కొత్త ఫారంలో ఆ నాలుగే ప్రశ్నలు. వాటి జవాబులను బట్టి మిగతాదంతా టూల్ నిర్ణయిస్తుంది. గంట ఆగితే ఫరవాలేదంటే ఒక్క కాపీ చాలు. ఆగకూడదంటే రెండు జోన్లలో (వేర్వేరు డేటా సెంటర్లలో) రెండు కాపీలు, వాటితోపాటే అలర్ట్‌లు, ఆన్‌కాల్‌లో (ఏ వేళైనా స్పందించే వంతులో) ఎవరికి వెళ్లాలో ఆ వివరం. వ్యక్తిగత సమాచారం ఉందంటే మొదటి క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్, లాగ్‌లు, పరిమిత యాక్సెస్. నిజానికి ఎన్‌క్రిప్షన్ ఇప్పుడు అందరికీ ఆన్‌లోనే ఉంటుంది. ఆ కుర్రాడి ఉదంతం తర్వాత దాన్ని ఎంపికగా ఉంచడంలో అర్థం లేదనిపించింది. డిఫాల్ట్‌లు ఎంచుకోవడమే ఈ వృత్తిలో అసలైన డిజైన్ పని అని నేను నమ్ముతాను. బటన్ రంగు, పోర్టల్ పేజీ అందం తర్వాతి సంగతి. డిఫాల్ట్ ఎంచుకున్నవాడు దాన్ని ఏళ్ల తరబడి మోయాలి. 9.6 అని ఒకసారి రాసి వదిలేసిన మాకు ఆ బరువు బాగా తెలిసొచ్చింది.

టీమ్ పేరు దగ్గర మాత్రం కఠినంగా ఉన్నాం. వ్యక్తి పేరు తీసుకోం, టీమ్ పేరే, అదీ జాబితాలోంచి ఎంచుకున్నదే. టీమ్ రద్దయితే దాని కింద ఉన్నవన్నీ ఏ టీమ్‌కి వెళ్తాయో చెప్పనిదే రద్దు పూర్తికాదు. ఈ ఒక్క నియమం మాకు మిగిల్చినంత నిద్ర ఇంకేదీ మిగల్చలేదు. స్పాటిఫై 2020 మార్చిలో తన డెవలపర్ పోర్టల్ బ్యాక్‌స్టేజ్‌ని ఓపెన్ సోర్స్ చేశాక చాలామంది దాన్ని బటన్లున్న అందమైన పోర్టల్‌గానే చూశారు. కానీ దాని నడిబొడ్డున ఉన్నది సాఫ్ట్‌వేర్ క్యాటలాగ్, అంటే ఏ సర్వీస్ ఎవరిదో చెప్పే పట్టిక. ఆ పట్టిక సరిగ్గా లేకుండా పైన ఎన్ని బటన్లు అతికించినా మా మొదటి పోర్టల్‌కి పట్టిన గతే పడుతుంది.

ఇచ్చాక కూడా చూసుకునే సెల్ఫ్ సర్వీస్‌కి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ లెట్స్ ఎన్‌క్రిప్ట్. వెబ్‌సైట్లకు సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చేసేది) తెచ్చుకోవడం ఒకప్పుడు ఎంత తతంగమో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. కీ తయారుచేయాలి, రిక్వెస్ట్ ఫైల్ పంపాలి, డబ్బు కట్టాలి, మెయిల్‌లో వచ్చినదాన్ని సర్వర్‌లో పెట్టాలి, ఏడాదికో రెండేళ్లకో అది తీరిపోయే రోజును ఎవరో క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి. ఆ ఎవరో ఉద్యోగం మారితే సైట్ పడిపోయేది. 2015 డిసెంబర్‌లో పబ్లిక్ బీటాగా వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చింది, అది అందరూ చెప్పుకునేది. నాకు అంతకంటే నచ్చిన నిర్ణయం వాళ్లు పెట్టిన గడువు: 90 రోజులే. మూడు నెలలకోసారి ఎవరూ చేత్తో చేయలేరు, కాబట్టి రెన్యూవల్‌ని మెషీన్‌కి అప్పగించక తప్పదు. ఇవ్వడంలోనే నిలబెట్టడం కూడా ఇమిడి ఉంది. ఇప్పుడు మిగతా లోకమూ ఆ దారికే వస్తోంది. సర్టిఫికెట్ల నియమాలు పెట్టే సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం, గరిష్ఠ గడువు దశలవారీగా తగ్గి 2029 మార్చి 15 నుంచి 47 రోజులే అవుతుంది. ఇంకా సర్టిఫికెట్ కోసం టికెట్ పెట్టించుకుంటున్న టీమ్‌లకు అప్పుడు ఊపిరాడదు.

అప్రూవల్స్ గురించి చాలా రాయొచ్చు గానీ, నా అనుభవం చిన్నదే. ఆరు నెలల పాత టికెట్లు తీసి చూశాను, మేనేజర్ అప్రూవల్‌లో ఎన్ని తిరస్కరించారో. ఒక్కటీ లేదు. కొన్నింటికి మాత్రం "ఇంత పెద్దది ఎందుకు?" అని ఒక ప్రశ్న. అంటే అప్రూవల్ అడ్డుకున్నది తప్పుల్ని కాదు, సమయాన్ని. ఇప్పుడు ఒక సైజు దాకా ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు, నెలకు ఎంత ఖర్చవుతుందో బటన్ పక్కనే కనిపిస్తుంది. ఆ సైజు దాటితేనే మనిషి చూస్తాడు. మనిషి చూసే సందర్భాలు తగ్గాక, చూసినప్పుడు నిజంగా చూస్తున్నాడు.

నియమాలు కోడ్‌లో పెట్టినప్పుడు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి, అదే ఎర్రర్ మెసేజ్. మా మొదటి వెర్షన్‌లో "పాలసీ ఉల్లంఘన, రూల్ 14" అని వచ్చేది. అది చూసిన డెవలపర్ ఏం చేస్తుంది? మాకు మెసేజ్ పెడుతుంది. టికెట్ వేరే దారిలో మళ్లీ వచ్చినట్టే. ఇప్పుడు అదే చోట, ఫైళ్లు దాచే బకెట్ విషయంలో, ఇలా వస్తుంది: "ఈ బకెట్‌ని ఇంటర్నెట్‌లో ఎవరైనా చదివేలా పెట్టమన్నారు. వెబ్‌సైట్ ఫొటోల కోసమైతే 'పబ్లిక్ ఫైల్స్' రకం ఎంచుకోండి, ముందు సీడీఎన్ పెట్టి ఇస్తాం. వేరే కారణముంటే ఇక్కడ రాయండి, ఒకరు ఇవాళే చూస్తారు." మా టీమ్‌లో ఎర్రర్ మెసేజ్‌లకు కోడ్‌తో సమానంగా రివ్యూ ఉంటుంది. రాత్రి పదకొండుకి, డెడ్‌లైన్ ముందు, తలనొప్పితో చదివే మనిషిని ఊహించుకుని రాయమని కొత్తగా చేరినవాళ్లకు చెబుతాను.

టూల్ తప్పును ఆపకపోతే ఎంత దూరం పోతుందో అందరికీ తెలిసిన ఉదాహరణ 2017 ఫిబ్రవరి 28. ఎస్3 బిల్లింగ్ వ్యవస్థలో ఏదో నెమ్మదిగా ఉందని చూస్తున్న ఒక ఇంజనీర్, కొన్ని సర్వర్లను తీసేసే కమాండ్ ఇచ్చాడు. ప్లేబుక్‌లో ఉన్న కమాండే, ఆ అధికారం ఉన్న మనిషే. ఇన్‌పుట్‌లో ఒకటి తప్పు పడింది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. కొన్ని గంటలపాటు ఇంటర్నెట్‌లో పెద్ద భాగం తడబడింది. అమెజాన్ తర్వాత వెలువరించిన వివరణను నేను చాలాసార్లు చదివాను. అందులో ఆ మనిషిని నిందించలేదు. ఆ టూల్ సామర్థ్యాన్ని మరీ వేగంగా తీసేయనిచ్చిందని చెప్పారు. ఇకపై నెమ్మదిగా తీసేలా, కనీస స్థాయి కిందికి ఎప్పటికీ తీయకుండా ఆపేలా దాన్ని మార్చామని రాశారు. ప్రతి టూల్ కట్టే టీమ్‌కీ ఈ వినయం ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. డెవలపర్ తప్పు బటన్ నొక్కిందంటే, ఆ బటన్ అక్కడ ఎందుకుందో మొదట మనల్ని మనం అడగాలి.

దీనికి ఎదురుగా వచ్చే వాదనల్లో ఒకటి నేను నిజంగా గౌరవిస్తాను. ఇన్నీ దాచేస్తే డెవలపర్లు కింద ఏముందో నేర్చుకోరు, సమస్య వచ్చినప్పుడు చేతులెత్తేస్తారు అని. మా సీనియర్ ఒకాయన ఇదే అన్నారు, పోర్టల్ మొదలుపెట్టిన రోజునే. ఆయన భయంలో నిజముంది. కానీ ఏం నేర్చుకోవాలో వేరుచేసి చూడాలి. తన క్వెరీ ఇండెక్స్ వాడుతోందా, తన కనెక్షన్ పూల్ ఎంత, తన సర్వీస్ ఆగితే ఇంకెవరు ఆగుతారు, ఇవి డెవలపర్‌కి తెలిసి తీరాలి. టూల్ వీటిని దాచకూడదు, కళ్ల ముందు పెట్టాలి. సబ్‌నెట్ గ్రూప్ పేరు తెలియకపోతే ఆమె ఇంజనీరింగ్‌కి ఏ లోటూ లేదు. అంతేకాదు, మేం తయారుచేసే టెర్రాఫామ్‌ని ఎవరైనా తెరిచి చదవొచ్చు. ప్రతి డిఫాల్ట్ పక్కన అది ఎందుకో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాల్లో సగం ఆ సీనియర్ గారే రాశారు. ఇరవై ఏళ్లుగా ఆయన తలలో ఉన్నవి, టికెట్‌లో ఒకరికి ఒకసారి చెప్పి మర్చిపోయినవి, ఇప్పుడు అందరూ చదువుతున్నారు. మొదట్లో తన పని పోతుందేమోనని ఆయన బాధపడ్డారని నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతి ముందే గ్రహించి, ఆయనతో కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. అది మాత్రం నా లోపమే.

ఈ టూల్‌నే వాడాలని ఎవరినైనా బలవంతపెట్టాలా? వద్దంటాను. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ పద్ధతిని చదును చేసిన రోడ్డుతో పోలుస్తారు. రోడ్డు బాగుంటే జనం దాని మీదే నడుస్తారు. పొలానికి అడ్డం పడి వెళ్లాల్సిన అవసరం ఉన్నవాళ్లు వెళ్లొచ్చు, దారిలో బండి దిగబడితే బాధ్యత వాళ్లది. మాకు ఒక టీమ్ అలా బయటికి వెళ్లింది, వాళ్లకు పోస్ట్‌గ్రెస్‌లో మేం ఇవ్వని ఒక ఎక్స్‌టెన్షన్ కావాలి. ఆరు నెలలకు ఇంకో రెండు టీమ్‌లు అదే అడిగాయి, అప్పుడు రోడ్డులోకి తెచ్చాం. బలవంతం చేసి ఉంటే ఆ అవసరం మాకు తెలిసేదే కాదు.

చిన్న కంపెనీల వాళ్లకు మాత్రం ఒక మాట. ఐదారుగురు డెవలపర్లున్న చోట ఇదంతా కట్టొద్దు. మంచి స్క్రిప్ట్ ఒకటి, సరిగ్గా రాసిన డాక్యుమెంట్ పేజీ ఒకటి చాలు.

ప్లాట్‌ఫామ్ కట్టగానే అంతా బాగుపడుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరును అధ్యయనం చేసే, గూగుల్‌లోని డోరా బృందం 2024 నివేదికలో, ఇంటర్నల్ ప్లాట్‌ఫామ్ వాడేచోట వ్యక్తుల ఉత్పాదకత 8 శాతం ఎక్కువున్నట్టు తేలింది. అదే నివేదికలో మార్పులు బయటికి వెళ్లే జోరు 8 శాతం, ఆ మార్పుల నిలకడ 14 శాతం తక్కువున్నట్టు కూడా తేలింది. చాలామంది మొదటి అంకెనే స్లైడ్‌లో పెట్టుకున్నారు. నాకు ఆలోచన పుట్టించింది మిగతా రెండు. నా అనుభవంతో చదివితే అవి వింతగా లేవు. బటన్ నొక్కడం తేలికైనప్పుడు మార్పులు ఎక్కువ పుడతాయి, పుట్టినవాటిని చూసుకునే ఏర్పాటు లేకపోతే అవి విరుగుతాయి. మా మొదటి పోర్టల్‌ని కొలిచి ఉంటే మాకూ అలాంటి అంకెలే వచ్చేవేమో. అందుకే ఇప్పుడు ఎంతమంది బటన్ నొక్కారని లెక్కించడం మానేశాం. మాకు ఇంకా వస్తున్న ప్రశ్నల్నే లెక్కిస్తున్నాం. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే అది టూల్‌లో లోపమని రాసుకుంటాం, డెవలపర్ అజ్ఞానమని కాదు.

తీసేయడం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ కట్టరు. ముప్పై రోజులు ఎవరూ తట్టని డేటాబేస్ ఉంటే టీమ్‌కి మెసేజ్ వెళ్తుంది. నెలకోసారి నడిచే ఆ రిపోర్ట్ పాఠం గుర్తుంది కాబట్టి, మెసేజ్‌కి ఎవరూ జవాబివ్వకపోతే తీసేయం, చాట్‌లో మళ్లీ అడుగుతాం. టీమ్ "తీసేయండి" అన్నాక కూడా మొదట కనెక్షన్లు మాత్రమే ఆపుతాం. నలభై రోజులు అలా ఉంచి, చివరి స్నాప్‌షాట్ తీసి, అప్పుడు తొలగిస్తాం. నలభై ఎందుకంటే నెలాఖరు ఒకసారి దాటి తీరుతుంది కాబట్టి. ఆ వాక్యం కోడ్‌లో ఆ అంకె పక్కనే రాసి ఉంది.

ఇంతా చేసి ఈ ఏడాది మొదటిదాకా ఒక్క టికెట్ మాత్రం మిగిలిపోయింది: రీస్టోర్. బ్యాకప్‌లోంచి డేటా వెనక్కి తేవడం. అది ప్రమాదకరమని, మేమే చేస్తామని అట్టేపెట్టుకున్నాం. కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ ఉదంతం చదివాక నాకు మనసు మారింది. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీర్ ఒకరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన డేటాబేస్ సర్వర్‌లో డైరెక్టరీ తొలగించారు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ వైపు చూస్తే, డంప్ (మొత్తం డేటా నకలు) తీసే ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6ది, కాబట్టి రోజూ ఆ డంప్ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరట్లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది. వాళ్లు ఇదంతా దాచకుండా లోకానికి చెప్పడం వల్ల మాలాంటి వాళ్లకు ఎంత మేలు జరిగిందో మాటల్లో చెప్పలేను.

మార్చి నుంచి మా టూల్ ప్రతి డేటాబేస్ బ్యాకప్‌ని వారానికోసారి ఒక ఖాళీ సర్వర్‌లోకి తనంతట తనే రీస్టోర్ చేసి, పట్టికలు తెరిచి చూసి, తీసేస్తుంది. డేటాబేస్ పేజీలో పైనే ఆ తేదీ కనిపిస్తుంది, ఎంత సేపు పట్టిందో కూడా. దాని పక్కనే బటన్: ఏ సమయానికి వెళ్లాలో చెబితే, నడుస్తున్న డేటాబేస్‌ని ముట్టుకోకుండా పక్కన కొత్త కాపీ లేపి ఇస్తుంది. రెండింటినీ పోల్చుకుని కావాల్సిన వరసలు తెచ్చుకోవాలి. పాతదాన్ని చెరిపే మార్గం ఆ పేజీలో లేదు.

పోయిన వారం పొద్దున్నే లాగ్‌లు చూస్తుంటే, రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఎవరో రీస్టోర్ నొక్కినట్టు కనిపించింది. గుండె ఒక్కసారి ఝల్లుమంది. పేరు చూస్తే, అప్పట్లో "ఇంకెవరైనా అప్రూవ్ చేయాలా?" అని రెండుసార్లు అడిగిన డెవలపర్. మెసేజ్ పెట్టి ఏమైందని అడిగాను. ఒక మైగ్రేషన్‌లో (డేటాబేస్‌ని మార్చే స్క్రిప్ట్‌లో) కండిషన్ తప్పు పడి కొన్ని వేల వరసలు పోయాయట, 1:55 నాటి కాపీ తీసుకుని వాటిని వెనక్కి తెచ్చుకుని, 2:50కి పడుకుందట. "మిమ్మల్ని లేపాలా అనుకున్నాను, పేజీలో అంతా రాసి ఉంది కదా అని లేపలేదు" అంది. ఒక్క చోట మాత్రం అయోమయం అనిపించిందట: సమయం అడిగే గడిలో అది ఏ టైమ్ జోనో రాసి లేదు. ఆ మధ్యాహ్నమే దాన్ని సరిచేశాం.